సెన్సెయి గారి అమెరికా అన్నం

అమెరికా వెళ్ళొచ్చినవాళ్ళంతా స్వాతంత్ర్య దేవత విగ్రహం గురించి చెబుతారు. నేను చెప్పలేను. నేను వెళ్ళేసరికి ఆవిడకు మరమ్మతులు జరుగుతున్నాయి. చుట్టూ ఇనుప పరంజా కట్టి, సున్నాలేసే ఇల్లులా నిలబెట్టారు. కాబట్టి ఈ కథనంలో ఆవిడ ఉండదు. ఆవిడకు బదులు ఒక జపాను రాజకీయ నాయకుడు ఉంటాడు. అంత ఖర్చు పెట్టుకుని అమెరికా వెళ్ళి జపాను నాయకుణ్ణి చూసొచ్చిందని మా రేడియో స్టేషన్‌లో ఇప్పటికీ నవ్వుకుంటున్నారు. నవ్వనివ్వండి. వాళ్ళు విజయవాడ దాటకుండా రోజూ చూస్తున్నది కూడా అదే రకం మనిషిని.

నా పని రేడియోలో రైతుల కార్యక్రమం. వరికి తెగులు వస్తే ఏ మందు కొట్టాలో ఏళ్ళ తరబడి చదువుతున్నాను. మా తమ్ముడు జయరాజు న్యూజెర్సీలో ఎడిసన్ అనే ఊళ్ళో ఇంజనీరు. నన్ను రమ్మని టికెట్టు పంపినవాడు, తీరా వెళ్ళాక చేతులెత్తేశాడు.

"అక్కా, నాకు లీవ్ దొరకలేదు. నీకు టూర్ బస్‌లో సీట్ బుక్ చేశాను. ఫిలడెల్ఫియా, వాషింగ్టన్ అన్నీ కవర్ చేస్తారు. సండే చర్చ్ టైమ్‌కి తిరిగి డ్రాప్ చేయమని కూడా చెప్పాను. మీల్స్ మిస్ అవకు" అన్నాడు.

ఎడిసన్: ఒంటికన్ను తోటి ప్రయాణికుడు

బస్సు ఎక్కాక తెలిసింది, అది నా బస్సు కాదని. నేను ఎక్కాల్సిన బస్సుకు జనం చాలక రద్దు చేసి, ఖాళీ ఉన్న ఇంకో బస్సులోకి నన్ను తోసేశారు. అందులో అందరూ జపాను వాళ్ళే. ముప్పై మంది దాకా రైతులు, వాళ్ళ భార్యలు. అందరికీ ఒకే రంగు టోపీలు, మెడలో కెమెరాలు. నేను చీర కట్టుకుని లోపలికి రాగానే అన్ని కెమెరాలూ నా వైపు తిరిగాయి. స్వాతంత్ర్య దేవత లేని లోటు నాతో తీర్చుకున్నారు.

నాకు చూపించిన సీటు నిజానికి ఖాళీ కూడా కాదు. కిటికీ పక్కన గుమ్మడికాయంత ఎర్ర బొమ్మ ఒకటి కూర్చుని ఉంది. మీసాలు, గడ్డం అన్నీ ఉన్నాయి గాని కన్ను ఒక్కటే. రెండో కన్ను ఉండాల్సిన చోట తెల్లగా వదిలేశారు. జరుపుదామని చెయ్యి వేశాను.

"కదపకండి, అది ఎన్నికల బొమ్మ" అంది వెనక సీటులోంచి ఒకావిడ ఇంగ్లీషులో. ఆవిడ పేరు కెయికో. న్యూజెర్సీలోనే స్థిరపడిన జపాను మనిషి, ఇంచుమించు నా వయసు. ఈ బృందానికి దుబాసీ. ఎన్నికలకు దిగేటప్పుడు బొమ్మకు ఒక కన్ను దిద్దుతారట, గెలిచాక రెండోది. అంటే ఎన్నికలు దగ్గర్లో ఉన్నాయన్నమాట. మా వైపు గెలిచాక ఉన్న రెండు కళ్ళూ నెత్తికెక్కుతాయని చెప్పాను. ఆవిడ నవ్వు ఆపుకోవడానికి దగ్గు తెచ్చుకుంది. అక్కడితో మా స్నేహం మొదలైంది.

ఇంతలో నాయకుడు గారు బస్సెక్కారు. పొట్టి మనిషి. అరవై దాటిన ముఖం, ముప్పై దాటని నల్లటి జుట్టు. చేతులకు తెల్లటి తొడుగులు. బస్సంతా లేచి నడుం దాకా వంగింది. బొమ్మా నేనూ తప్ప. వాళ్ళంతా ఆయన్ని 'సెన్సెయి' అంటారు. అంటే గురువుగారు. డాక్టరుకూ, బడిపంతులుకూ, ఎం.పి.కీ జపానులో ఒకటే పిలుపట. మొదటి ఇద్దరూ దీనికెలా ఒప్పుకున్నారో నాకు అర్థం కాలేదు. ఆయన పేరు నేనిక్కడ రాయను. పేరు మార్చినా మన పాఠకులు తమకు తెలిసిన ఎవరో ఒకరి పేరు పెట్టుకునే చదువుతారు.

ఫిలడెల్ఫియా: ఇల్లరికం కథ

ఇక్కడ చూడాల్సింది అమెరికా స్వాతంత్ర్యం నాటి పగిలిన గంట. ఇంత దేశంలో ఇంకో గంట పోత పోయించుకోలేరా అనిపించింది గాని, పగిలిందనే దానికా గౌరవమని తరవాత తెలిసింది. దాన్ని చూడ్డానికి బడిపిల్లలు వరసగా నిలబడ్డారు. సెన్సెయి గారు తెల్ల తొడుగుల చేతులు రెండూ ఊపుతూ వాళ్ళకు అభివాదం మొదలుపెట్టారు. ఒక్కరికైనా ఓటు లేదు, ఉన్నా ఆయనకు వెయ్యలేరు. అయినా ఆ వరస చివరి దాకా ఊపారు. జనం కనపడితే చెయ్యి దానంతటదే లేస్తుంది కాబోలు. పిల్లలు కూడా ఊపారు. ఆయన్ని ఏదో సర్కసు మనిషి అనుకున్నట్టున్నారు.

నేనూ కెయికో బయట బండి దగ్గర మెలిపెట్టిన రొట్టెలు కొనుక్కుని బెంచీ మీద కూర్చున్నాం. మన జంతికని ఉబ్బించి పైన ఉప్పుగల్లు చల్లితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. దాని మీద పసుప్పచ్చటి ఆవముద్ద పిండి ఇస్తారు. ఒకటి తింటే మధ్యాహ్నం భోజనం అక్కర్లేదు. అక్కడే ఆయన జీవిత చరిత్ర మొదటి భాగం విన్నాను.

ఆయన సారా బట్టీ యజమాని రెండో కొడుకు. మొదట ఒక పెద్ద నాయకుడి దగ్గర చేరి సంచీ మోశాడు, చెప్పులు సర్దాడు, గొడుగు పట్టాడు. ఆ నాయకుడికి మగపిల్లలు లేరు, ఒక్కతే కూతురు. గొడుగు పట్టిన చేతికే కూతుర్నిచ్చి, ఇంటిపేరు కూడా మార్పించుకుని ఇంట్లో పెట్టుకున్నారు.

"ఇల్లరికం!" అన్నాను తెలుగులోనే. తరవాత వివరంగా చెప్పాను, మా దగ్గర ఇల్లరికపుటల్లుడికి మామగారింట్లో పొలం వస్తుంది, వెక్కిరింతలూ వస్తాయి అని.

"మాకు నియోజకవర్గం వస్తుంది" అంది కెయికో.

మామగారు పోయారు. అల్లుడు ఆయన నిలువెత్తు ఫోటో పట్టుకుని ఊరూరా ఏడుస్తూ తిరిగి గెలిచాడు. అక్కడి నుంచి ఓటమి లేదు. ఊళ్ళో పెళ్ళయితే ఆయన డబ్బు కవరు, చావైతే ఆయన డబ్బు కవరు. ఆయన రాలేకపోతే సెక్రటరీ వస్తాడు. వంతెనలు కట్టించాడు, వాటిలో ఒకదాని కింద ఏరు కూడా ఉందట.

"మరి ఇప్పుడీ అమెరికా యాత్ర దేనికి?" అన్నాను.

కెయికో గొంతు తగ్గించింది. అమెరికా వాళ్ళు తమ బియ్యం కొనమని జపాను నెత్తి మీద కూర్చున్నారు. జపాను రైతుకు ప్రభుత్వం ఇచ్చే ధర వింటే మా కృష్ణా డెల్టా రైతు అక్కడికక్కడే మూర్ఛపోతాడు. బయటి బియ్యం దిగితే ఆ ధర ఉండదు. వాళ్ళ పద్ధతిలో ఒక్కో నియోజకవర్గం నుంచి నలుగురైదుగురు ఎన్నికవుతారు కనక పోటీ సొంత పార్టీవాడితోనే. ఆ పోటీదారు ఊరంతా చెబుతున్నాడట, ఈయన మంత్రిపదవి కోసం అమెరికా బియ్యానికి తలుపు తీస్తాడని. ఒక్క గింజ కూడా రానివ్వనని ఈయన ఒట్టేశాడు. పైగా, ఆ బియ్యం వచ్చినా మనిషన్నవాడు తినలేడని చెబుతున్నాడు. అది కళ్ళారా, నోరారా రుజువు చెయ్యడానికే ఊరికిద్దరు చొప్పున రైతుల్ని వెంటేసుకొచ్చాడు. వీళ్ళు తిరిగెళ్ళి ఏం చెబితే ఊళ్ళు అదే నమ్ముతాయి. వీళ్ళ నాలుక మీద ఆయన సీటుంది.

మేరీలాండ్ దారిలో: పచ్చళ్ళ ఒడంబడిక

దారిలో ఒక హోటల్ దగ్గర ఆగాం. అమెరికాలో కాఫీ ఒకసారి కొంటే మళ్ళీ మళ్ళీ ఉచితంగా పోస్తారు. మొదటి కప్పు తాగాక ఎందుకలా పోస్తారో తెలుస్తుంది. అది కాఫీ కడిగిన నీళ్ళు. మా బస్సు చూసి ఎర్ర చొక్కా వేసుకున్న ఒక భారీ మనిషి లేచి వచ్చాడు.

"మీ కార్లు వచ్చి మా ఫ్యాక్టరీ మూయించాయి. మీ దేశానికి పొండి" అని అరిచాడు. నా చీర చూసి కూడా నన్ను మినహాయించలేదు. నాకు కారే లేదని చెబుదామనుకున్నాను.

సెన్సెయి గారు తొణకలేదు. దగ్గరికెళ్ళి, నడుం వంచి, రెండు చేతులతో తన పేరున్న కార్డు అందించారు. అతను అదేమిటో తెలియక తీసుకున్నాడు, అటూ ఇటూ తిప్పాడు, జేబులో పెట్టుకున్నాడు. ఆ తరవాత తిట్టడానికి అతనికి ఊపు రాలేదు. వెళ్ళి కూర్చున్నాడు. ఆయన్ని ఎంత వెక్కిరించినా ఇది మాత్రం ఒప్పుకోవాలి. మనిషికి విద్య తెలుసు.

ఆ హోటల్లోనే గెంజో గారు పరిచయమయ్యారు. డెబ్బై దాటిన రైతు. బస్సులో అందరికంటే గట్టిగా గుర్రు పెట్టేది ఆయనే. ఉడికించిన బంగాళాదుంప ముందు పెట్టుకుని దిగులుగా చూస్తూ, జేబులోంచి చిన్న డబ్బా తీశారు. అందులో ఉప్పులో ఊరిన ఎర్రటి పుల్లటి కాయలు. నాకొకటి పెట్టారు. నా ముఖం ముడుచుకుపోయింది గాని ప్రాణం లేచొచ్చింది. నేనూ సంచీలోంచి ఆవకాయ సీసా తీశాను. ఆయన ముక్క నోట్లో వేసుకున్నారు, కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు, రెండో ముక్కకు చెయ్యి చాపారు. దీనితో తినడానికి అన్నం లేకపోవడం అన్యాయమని కెయికో చేత చెప్పించారు. మాకిద్దరికీ కలిసిన అభిప్రాయం అది.

ఆయనకున్నది చిన్న కమతం. కొడుకు పట్నంలో ఉద్యోగం చేస్తాడు, నాట్లకూ కోతలకూ మాత్రం వస్తాడు. ధర పడిపోతే వాటికీ రాడు.

"అప్పుడు నేనొక్కణ్ణే. తరవాత గడ్డి" అన్నారట. ఆ మాట కెయికో నవ్వుతూనే తర్జుమా చేసింది గాని, నాకు నవ్వు రాలేదు.

వాషింగ్టన్: నాటకం, విందు

తెల్లటి భవనాలన్నీ చూశాం. వాటిలో ఒకదాని మెట్ల మీద ఫోటోలు తీసుకుంటుండగా చరిత్ర రెండో భాగం నడిచింది. సెన్సెయి గారు మంత్రి కూడా అయ్యారు. ఒక కాంట్రాక్టరు దగ్గర మిఠాయి డబ్బా పుచ్చుకున్నారు, అందులో మిఠాయి లేదు. పేపర్లు రాశాయి. ఆయన టీవీ ముందు నేల చూస్తూ వంగి, చాలాసేపు లేవకుండా ఉండి, ఏడ్చి, రాజీనామా ఇచ్చారు. తరవాతి ఎన్నికల్లో మళ్ళీ నిలబడ్డారు, ఇంకా ఎక్కువ ఓట్లతో గెలిచారు. ఓటర్లు నా మైల కడిగేశారు అన్నారట.

"అంత సులువా?" అన్నాను.

"మీ దగ్గర ఏం చేస్తారు?"

ఆలోచించాను. "మా దగ్గర అసలు మైల ఉన్నట్టే ఒప్పుకోరు" అన్నాను. వాళ్ళది కాస్త నయమేమో.

సాయంత్రం హోటల్లో విందు. బల్ల మధ్యన వెండి మూత తీయగానే బస్సంతా కెమెరాలెత్తింది. అన్నం! నేను కూడా ఆశగా ముందుకు వంగాను. పొడుగు గింజ, ముందే ఉడకబెట్టి ఆరబెట్టిన రకం. దాన్ని వెన్నలో వేయించి, మీద ఏదో ఆకు తరిగి చల్లి, ముద్ద కట్టనీయకుండా ఇసకలా పోశారు. రైతులు నోట్లో పెట్టుకున్నారు. ఒకావిడ చేతిరుమాల్లోకి ఊసేసింది. సెన్సెయి గారు లేచారు.

"చూశారుగా! ఇదీ అమెరికా బియ్యం. దీనికి భయపడాలా మనం?"

చప్పట్లు మోగిపోయాయి. గెంజో గారు కూడా రెండు చేతులూ ఎత్తి కొట్టారు. నాకు ఒళ్ళు మండింది. బియ్యంతో పాతికేళ్ళ సంసారం నాది. వీళ్ళు తినే పొట్టి గింజ ఈ దేశంలోనూ పండుతుంది. ఆ సంగతి ఆయనకు తెలియకపోదు. వెతికి వెతికి వీళ్ళ నోటికి ఎక్కని రకమే తెప్పించి, వంటవాణ్ణి ఎవరూ తప్పు పట్టలేనట్టు పని జరిపించాడు. కెయికోతో ఆ మాటే అన్నాను.

"నేను దుబాసీని. వాళ్ళు అన్నదే నేననాలి, అననిది అనకూడదు" అంది ఆవిడ, వెన్న అన్నం పక్కకు నెడుతూ.

మళ్ళీ ఎడిసన్: చర్చి భోజనం

ఆదివారం మధ్యాహ్నం బస్సు నన్ను చర్చి వాకిట్లో దింపింది. మా వాళ్ళకు సొంత చర్చి లేదు. అమెరికన్ల చర్చి నేలమాళిగ అడిగి తీసుకుని తెలుగులో ఆరాధన చేసుకుంటారు, తరవాత అందరూ కలిసి భోంచేస్తారు. బస్సు అక్కణ్ణించి విమానాశ్రయానికి వెళ్ళాలి, విమానం రాత్రికి. తలుపు తీయగానే కోడికూర వాసన, దాని వెనకే ఉడుకుతున్న అన్నం వాసన మెట్లెక్కి వచ్చాయి. బస్సులో ముప్పై ముక్కులూ ఒకేసారి పైకి లేచాయి.

మన అలవాటు మీకు తెలుసు. భోజనాల వేళకు గుమ్మంలో నిలబడ్డవాణ్ణి తినకుండా పంపడం మన చేత కాదు. ముప్పై మందికి సరిపోతుందా అని ఆలోచించే ముందే, "దిగండి, రెండు మెతుకులు తిని వెళ్ళండి" అనేశాను. కెయికో తర్జుమా చేసేలోపే గెంజో గారు మెట్లు దిగిపోయారు.

మా మరదలు సునీత కంగారు పడలేదు. "రానివ్వండి వదినా, ఇంకో కుక్కర్ పెట్టేస్తాం, ప్రాబ్లం ఏముంది! స్పూన్సే షార్ట్ అయితాయి" అంది. పెద్దాయన ఒకరు లేచి భోజనానికి ముందు ప్రార్థన చేశారు. మన ప్రార్థనలు ఎంతసేపు సాగుతాయో తెలిసిందే. అంతసేపూ వంగిన తల ఎత్తకుండా ఉన్నది జపాను వాళ్ళే. వాళ్ళ భక్తికి మా వాళ్ళు తెగ మురిసిపోయారు.

కుక్కరు జపానుది, కోడి న్యూజెర్సీది, వంట గుంటూరుది. కాగితం పళ్ళేల్లో వడ్డించారు. మొదటి ముద్దకు మాటలు ఆగిపోయాయి. రెండో ముద్దకు ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాషింగ్టన్‌లో ఊసేసినావిడ కళ్ళు మూసుకుని నమిలింది. గెంజో గారికి చెంచా అందలేదు. నన్ను చూసి చొక్కా చెయ్యి పైకి మడిచి, ఆవకాయ కలిపి చేత్తోనే తినడం మొదలుపెట్టారు. సెన్సెయి గారు కూడా ఆకలి మీద ఉన్నారు. గబగబా తింటున్నారు.

అప్పుడొచ్చింది సునీత. మన ఆడవాళ్ళు వంట బాగా కుదిరినా దాన్ని నాలుగు మాటలు తిట్టకుండా వడ్డించరు కదా.

"ఏమనుకోకండి, అన్నం బాగా ముద్దయిపోయింది. కొరియన్ షాప్‌లో కాలిఫోర్నియా రైస్ చీప్‌గా వస్తాయని తెస్తాం. ఎలా వండినా అంటుకుపోతాయి, మా వాళ్ళకి అస్సలు ఎక్కవు. ఏదో అడ్జస్ట్ అయిపోండి" అంది ఇంగ్లీషులో, నిజంగానే సిగ్గుపడుతూ.

కెయికో నా వైపు చూసింది. వాళ్ళు అన్నదే అనాలి. ఒక్క ముక్క వదలకుండా అనేసింది.

ముప్పై మంది తమ పళ్ళేల్లోకి చూసుకుని, తరవాత ఆయన వైపు చూశారు. సెన్సెయి గారు నన్ను చూశారు, పోటీదారు జీతమిచ్చి పంపిన మనిషిని చూసినట్టు. నాకు మాత్రం లోపల పండగలా ఉంది. పట్టుబడ్డాడు, ఇంక ఎక్కడికి పోతాడు అనుకున్నాను.

ఆయన పళ్ళెం పక్కన పెట్టారు. చేతులు తుడుచుకున్నారు. జేబులోంచి తెల్ల తొడుగులు తీసి నింపాదిగా తొడుక్కున్నారు. పాస్టరు నిలబడే చిన్న వేదిక ఎక్కి, నడుం దాకా వంగి, లేచారు. కెయికో నా చెవిలో చెబుతూనే ఉంది.

"ఈ అన్నం బాగుంది" అన్నారు. "నాకు ముందే తెలుసు. మొన్న మీకు చెత్త అన్నం పెట్టించింది నేనే. ఎందుకు? ఇంటిపెద్ద తన భయం పిల్లలకు చెబుతాడా? ఒక్కడే మింగుతాడు. ఇవాళ మీరు తిన్నారు గనక ఇక దాచను. ఈ బియ్యం తినలేనిదైతే నాతో మీకు పనేమిటి? దాన్ని ఆపడానికి నా పోటీదారైనా చాలు. కాని ఇది మన బియ్యమంత బాగుంది. మనకంటే చవక. ఇది మన రేవులో దిగిన రోజున మీ మడులు ఏమవుతాయి? మీ కొడుకులు నాట్లకు వస్తారా? దీన్ని ఆపేవాడు దీని బలం తెలిసినవాడై ఉండాలి. ఆ బలం తెలుసుకోవడానికే నేనింత దూరం వచ్చాను."

కన్నీళ్ళు వచ్చాయి. అవి నిజమో కాదో నాకు తెలియదు. అప్పటికి ఆయనకూ తెలిసి ఉండదు. మళ్ళీ వంగి, లేవలేదు.

చప్పట్లు వాషింగ్టన్‌లో కంటే గట్టిగా మోగాయి. ఆడవాళ్ళు ముక్కులు చీదుకుంటూ కొట్టారు. ఏ దేశపు బియ్యమో, ఎవరి గొడవో తెలియని మా చర్చి వాళ్ళు కూడా, జయరాజుతో సహా, మర్యాదకు కొట్టారు. మా రైతులు గుర్తొచ్చి నా చేతులు కూడా కలిశాయి. అది అబద్ధమని అందరికంటే బాగా తెలిసినదాన్ని, అందరితో పాటు కొట్టాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది.

"బొమ్మకు రెండో కన్ను వచ్చేసినట్టే" అని గొణిగింది కెయికో.

ఆయన తల ఎత్తారు. ఆ గదిలో చప్పట్లు కొట్టనిది గెంజో గారొక్కరే. తల వంచుకుని తింటున్నారు. సెన్సెయి గారు అటే చూస్తూ ఉండిపోయారు. చప్పట్లు ఒక్కొక్కటే తగ్గాయి. అందరూ అటు తిరిగారు. కెయికో గెంజో గారి దగ్గరికెళ్ళి వంగి మెల్లగా ఏదో అడిగింది. గెంజో గారు మెతుకులంటిన కుడి చెయ్యి పైకెత్తి, వేదిక వైపు చూపించి, చిన్నగా ఏదో అన్నారు.

"ఏమంటున్నారు?" అన్నాను.

"చెయ్యి ఖాళీ లేదట" అంది కెయికో. "ఇంకాస్త అన్నం ఉందా అని అడుగుతున్నారు."

సునీత అన్నం గిన్నె తీసుకుని, సెన్సెయి గారి ముందు నుంచే నడుచుకుంటూ, గెంజో గారి దగ్గరికి వెళ్ళింది.